బెల్లం చెంపల రాణి

గోదావరిఖని,
18 నవంబరు 1974.

పట్నం దవాఖానల పండుకున్న మా రాణిగారికి, ఖనిల కూసున్న తాత కొమురెల్లి రాసేది.

సదయ్యా, మొన్న రామగుండంల బండెక్కినప్పుడు కిటికీల నుంచి నీ మంచి చెంపే చూపెట్టినవు. గుంత చెంప అవుతలికి తిప్పుకున్నవు. నేను చూసిన గని ఏమనలె. ఇప్పుడు కాయితం మీద అంటున్న. అది దాసుకునేటంత గుంత కాదురా. వాన నీళ్లు నిలిస్తే ఒక పిచ్చుక తానం చేస్తది, గంతే.

పోయిన యేడు బొగ్గు బాయిల కప్పు బండ నీ మొకం మీద పడ్డప్పుడు, పానం దక్కితే చాలనుకున్నం. దక్కింది. దవుడ బొక్క అతికిచ్చిండ్రు. ఎడమ చెంపల కండ పోయి గుంత మిగిలింది. ఆ గుంతతోని బొగ్గు ఎత్తొచ్చు, అన్నం తినొచ్చు, నీ పెండ్లాం అనసూర్యతోని కొట్లాడొచ్చు. మన ఆటల రాణి వేషం కట్టుడొక్కటి చాతకాదని నువ్వు ఇంట్ల అద్దం బోర్లేసినవు. ఇప్పుడు పెయ్యిల కొవ్వు తీసి చెంపల పెట్టే డాక్టరమ్మ ఉన్నదంటే ఉరికినవు. మంచిదే. నీ మొకం, నీ ఇష్టం.

మన మేళం కట్టుబాటు నీకు తెలుసు. కార్తీక పున్నం నాడు ఎవలు గజ్జెలు కట్టుకుంటే శివరాత్రికి వేషం వాండ్లది. కట్టుకునేటోడు ఊర్ల లేకుంటే వాని ఇంటోడు కట్టి నిలబెట్టాలె. ఇంట్ల ఎవలు కట్టకుంటే వేషం ఇల్లు దాటిపోతది. ఆ గజ్జెలు నేను కట్టిన, నువ్వు కట్టినవు. నడుమ మీ నాయిన కాసిపేటల ఉన్నడు, వాడు పాడితే బర్లు పలుపు తెంపుకుంటయి.

ఇంకో కబురు. పక్క కోటర్ల బుచ్చన్న మీసం తీసేసిండు. ఎందుకురా అంటే ఉక్కపోస్తున్నదన్నడు. ఈ చలికాలంల.

జల్ది మంచిగై రా.
తాత.


హైదరాబాద్,
2 డిసెంబరు 1974.

తాతకు సదయ్య దండాలు.

ఆపరేషన్ అయింది. అంతకు ముందు జరిగింది చెప్త. డాక్టరమ్మ నా చెంప పట్టి చూసి, పెండ్లయిందా అని అడిగింది. అయింది, ఒక బిడ్డ కూడ ఉన్నదన్న. దవుడ మంచిగనే ఆడుతున్నది, మరి ఈ చెంప ఎందుకయ్యా అన్నది.

"నేను రాణినమ్మా" అన్న.

ఆమె నర్సమ్మ దిక్కు చూసింది. నాకు తలకు గిట్ల దెబ్బ తాకిందేమో అనుకున్నట్టున్నది. అప్పుడు మంచం దిగి, రాజు అడివికి పొమ్మన్నప్పుడు రాణి పాడే పాట ఎత్తుకున్న. వార్డుల దగ్గుడు ఆగింది. పాట అయినంక ఆమె చెంప మల్ల చూసింది, ఈసారి వేరే తీరుగ చూసింది. "సరే, రాణీ. చేద్దాం" అన్నది.

పెయ్యిల ఇంకో తావు నుంచి కొవ్వు, దాని మీది తోలు లోపలి పొరతోని సహ తీసి చెంపల పెట్టిండ్రు. కొంత కరిగిపోతదట, అందుకే జరంత ఎక్కువ పెట్టిన్నని చెప్పింది. ఎంత మిగులుతదో పెట్టినోళ్లకు కూడ తెల్వదట. ఇప్పుడైతే చెంప బూరె లెక్క ఉబ్బింది. అద్దంల చూసుకున్న. గుంత లేదు తాతా. ఏడాది తర్వాత గుంత లేదు.

బీడీ తాగుతవా అని అడిగింది. లేదన్న. బాయి మొగదల రోజు జేబులు తడిమి అగ్గిపెట్టె గుంజుకుంటరు, మాకు బీడీ అలవాటేడిదమ్మా అన్న. నవ్వింది.

అనసూర్యను ఇంటికి పంపుతున్న, బిడ్డ బెంగ పెట్టుకుంటది. గజ్జెలు ఎవలు కట్టిండ్రు? పున్నం దాటింది గద. నాయిన కట్టిండా? హార్మోని వాయించే గులాం అలీ అన్నకు చెప్పు, శివరాత్రికల్ల నేనొస్త, వేషం ఎవలకు ఇయ్యొద్దని.

ఈ జాబు కిటికీ కాడ నిలబడి రాస్తున్న. గాలి మంచిగొస్తది.

సదయ్య.


గోదావరిఖని,
9 డిసెంబరు 1974.

గాలి కోసం నిలబడి రాసే మా మనుమనికి తాత రాసేది.

గాలా? అనసూర్య బండి దిగిందో లేదో నేను అడిగిన, కొవ్వు ఏడికెల్లి తీసిండ్రు బిడ్డా అని. కొంగు నోట్ల కుక్కుకున్నది. తాతా నన్నడుగకు అన్నది. అడుగకు అన్నప్పుడే సగం తెలిసింది. మిగిలిన సగం నువ్వు నిలబడి రాసిన జాబు చెప్పింది.

పిర్ర మీదికెల్లి తీసిండ్రు గదరా.

ఇగ చూడు మా సంబురం. గులాం అలీకి చెప్పిన. వాడు పంపు మోటరు విప్పుతున్నడు, పానా కింద పడేసి నవ్విండు. ఇన్నేండ్లు రాణి సింహాసనం మీద కూసున్నది, ఇప్పుడు సింహాసనం మీద కూసునేదే రాణి మొకంల కూసున్నది అన్న. బుచ్చన్న ఒక్కడు నవ్వలె. పాపం, వాని మీసం మల్ల మొలుస్తలేదు.

అనసూర్య పొయ్యి కాడ కూసోని ఒక్క మాటన్నది: "ఏడికెల్లి తీస్తె ఏంది తాతా. ఏడాదికి నా దిక్కు మొకం తిప్పి మాట్లాడిండు." అది నవ్వుకుంటనే అన్నది, కండ్లు మటుకు పొగ పట్టినట్టున్నయి.

గజ్జెల ఫికర్ చెయ్యకు. పున్నం నాడు మనింటోడే కట్టిండు. ఎవలన్నది వచ్చినంక చూడు. మేళం సాగుతున్నది, రాణి నిలబడుతున్నది, హార్మోని వాయిస్తున్నరు. మస్తు నడుస్తున్నది.

బోర్ల పండుకోకు, చెంపకు ఒత్తుడు పడ్తది. ఎల్లెలుకల పండుకోకు, అటు దిక్కు ఒత్తుడు పడ్తది. ఎట్ల పండుకుంటవో నువ్వే చూసుకో.

తాత.


హైదరాబాద్,
18 డిసెంబరు 1974.

తాతకు దండాలు. నేను మంచిగున్న. అన్నం మంచిగ పెడుతున్నరు. చలి ఉన్నది. ఇంకొన్ని దినాలు ఉండుమన్నరు. బిడ్డను అడిగిన్నని చెప్పు. అందరు మంచిగున్నరనుకుంటున్న.

సదయ్య.


గోదావరిఖని,
24 డిసెంబరు 1974.

సదయ్యా,

నీ జాబు అందింది. గులాం అలీతోని కూడ చదివిపిచ్చిన, నాకు రాని అచ్చరం ఏమన్న ఉన్నదేమోనని. లేదు. అన్ని వచ్చిన అచ్చరాలే.

నేను నీ పిర్ర మీద గంత రాస్తే, నువ్వు తిరిగి ఒక్క మాటన్న పడలె. నా బోసి నోరు మీద అనలె, గూని మీద అనలె. నువ్వు చిన్నప్పటికెల్లి నా మాటకు మాట పెట్టకుండ అన్నం తిన్నోనివి కాదు. మంచిగున్న, మంచిగ పెడుతున్నరు, ఇన్ని మంచిగలు మంచిగున్నోడు రాయడు.

ఏమైంది? చెంప కరిగిందా? కుట్లు పోయినయా? నాకు రాయి. నేను ముసలోన్ని, తట్టుకోలేనని దాస్తున్నవా? నేను బాయిల గుర్రాలతోని పోటీ పడి బొగ్గు టబ్బులు గుంజినోన్ని.

అనసూర్య రేపు బండెక్కుతది. ఇది అడుగుడు కాదు, చెప్పుడు. బిడ్డ నా కాడ ఉంటది. నా గడ్డం గుంజుడు నేర్చుకున్నది, బెంగ లేదు.

తాత.


హైదరాబాద్,
6 జనవరి 1975.

తాతా,

అనసూర్య వచ్చింది. మంచం పక్కన కూసున్నది. ఈసారి నవ్వుతలేదు. ఇగ దాసేదేముంది, రాస్తున్న.

కుట్లు ఆరుతున్న టైముల చెంప ఎర్రగైంది. జరం వచ్చింది. ఒక పొద్దు కట్టు తడిసింది. నూనె లెక్క కారింది, దాని ఎనక చీము. డాక్టరమ్మ నోరు తెరవుమన్నది. లోపలి దిక్కు చూసింది, వాసన చూసింది.

"నోట్లో ఏం పెడుతున్నావు?"

"తంబాకు" అన్న.

నీకు తెలుసు తాతా. బాయిల బీడీ ముట్టిచ్చేది లేదు. అందరం దిగేటప్పుడే తంబాకు ముద్ద చెంపల పెట్టుకుంటం. షిఫ్టు అయ్యేదాక అదే మాకు బీడీ, అదే మాకు చాయ. నేను ఎప్పుడు ఎడమ చెంపలనే పెడత. పట్నంల పొద్దు పోలె. రుమాలుల కట్టుకొచ్చింది ఉన్నది. చేతికి అలవాటు, అటే పోయింది. బండ పడ్డ తావుల లోపలి తోలు పలసగ ఉన్నదట, అక్కడికెల్లి పట్టిందట.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నది.

"బీడీ అడిగిండ్రు గదమ్మా. తంబాకు అడుగలె."

ఆమె కోపం చేస్తదనుకున్న. స్టూలు గుంజుకొని కూసున్నది. అన్నది, "అడక్కపోవడం నా తప్పు. పెట్టుకోవడం నీ తప్పు. ఇద్దరం కలిసి కడుగుదాం."

మల్ల కోసిండ్రు. పాడైన కొవ్వు తీసేసిండ్రు. రోజు కడుగుతున్నరు. జరం తగ్గింది, పానానికి ఏం భయం లేదు. గని పెట్టిన దాంట్ల సగం పోయింది. ఉన్న సగం కూడ ఇంక కరుగుతదట. గుంత మల్ల వచ్చింది. దవుడ కింద కొత్త మచ్చ ఒకటి. నవ్వుతే మూతి ఒక దిక్కు గుంజుతది. మల్ల పెట్టాలంటే ఏడాది ఆగాలట.

గజ్జెలు ఎవలు కట్టినా విప్పిపియ్యి. బుచ్చన్నకు ఇయ్యి. వాని గొంతు మంచిది కాకున్నా మొకం గుండ్రగుంటది. ఈ మొకంతోని నేను ఆట గద్దె మెట్లు ఎక్క. రాణిని చూసి జనం జాలిపడుడు నాకొద్దు.

సదయ్య.


గోదావరిఖని,
17 జనవరి 1975.

ఎడమ చెంపోనికి తాత రాసేది.

నీ జాబు చదివి ఒక పూట ఎవలతోని మాట్లాడలె. మన లైనోళ్లు నాకు పానం బాగలేదనుకున్నరు. పక్కింటి పూలమ్మ కషాయం తెచ్చింది. తాగిన, ఎందుకు వద్దనాలె.

నువ్వు దాసింది చెప్పినవు. నేను దాసింది చెప్త. గజ్జెలు నా కాళ్లకున్నయి.

నవ్వుకో, మొకం గుంజినా మంచిదే. పున్నం నాడు మీ నాయిన రాలె. బుచ్చన్న చీర సంకల పెట్టుకొని తయారుగున్నడు. గులాం అలీ హార్మోని మీద చెయ్యి పెట్టి, "ఎవలు కడుతున్నరు కాకా, సదయ్య ఇంటికెల్లి?" అన్నడు. నేనే కాళ్లు చాపిన. మేళం అంత నవ్వింది. ఈ పండ్లు లేని నోటితోని రాణా, రాజు పారిపోడా అన్నరు. పోతే పోనియ్యి, అడివికి తోలే బాధ తప్పుతది అన్న.

అయితే చెంపల సంగతి వచ్చింది. నాయి రెండు గుంతలే గద. నీకు డాక్టరమ్మ ఉన్నది, నాకు కోమటి దుకాణం ఉన్నది. ఇటొక బెల్లం ముద్ద, అటొక బెల్లం ముద్ద పెట్టుకున్న. గులాం అలీ అద్దం పట్టిండు. నేను నా పెండ్లినాడు కూడ గంత మంచిగ లేను.

ఆ పున్నం నాటి ఆటల కొలువు సీను అయింది, మంచిగనే అయింది. మాట మాటకు బెల్లం నీళ్లు మింగుతున్న, రాజు తిడుతుంటె నాకు తియ్యగున్నది. అడివి సీను వచ్చేసరికి ముద్దలు కరిగి కడుపులకు పోయినయి. నీ కొవ్వు లెక్కనే, చెప్పకుండ పోయినయి. నడుమ ఆగి మల్ల పెట్టుకుందామనుకున్న. గులాం అలీ హార్మోని ఆపలె. గుంత చెంపలతోనే పాడిన.

నల్ల కాడ నీళ్లు పడుతున్న ఆడోళ్లు ఆగిండ్రు. బిందె నిండి పొర్లుతుంటె చూసుకోలె. అయిపోయినంక పూలమ్మ వచ్చి అన్నది: "కొలువుల నిన్ను చూస్తె నవ్వొచ్చింది మామా. అడివిల చూస్తె మా అవ్వ యాదికొచ్చింది. కరువుల మాకు పెట్టి తను తినకపోయేది, గిట్లనే ఉండె మొకం."

ఆ మాట వట్టుకొని కూసున్న నేను. అడివిల ఆకులు, దుంపలు తిని పిలగాన్ని సాదిన రాణికి చెంపలు నిండుగ ఎట్లుంటయిరా? నేను కట్టిన కాలంల పౌడరు పూసుకొని అడివికి పోయిన. నువ్వు గట్లనే పోయినవు. జనం చప్పట్లు కొట్టిండ్రు గని ఎవలు బిందె మరువలె.

జాలి వద్దంటున్నవు. నాక్కూడ వద్దు. రాణి అడుగదు జాలి. అడివిల కూడ రాణి రాణే గద, పిలగాన్ని రాజు బిడ్డ లెక్కనే సాదింది. ఆ మొకం పెట్టుకొని తల ఎత్తి పాడుడున్నదే, అది నాకు రాలె. నేను గుంతలు వచ్చినయని సిగ్గుపడి తల వంచి పాడిన. నీకు వస్తది. నీది నా గొంతు కాదు, నా కంటె మంచి గొంతు. ఇది మల్ల ఎప్పుడు అనను, ఈ కాయితం దాసుకో.

గజ్జెలు విప్పుమన్నవు. జాబుల విప్పుతె విప్పినట్టు కాదు. వేషం నీది, వచ్చి నీ చేతులతోని విప్పు. అవి పట్టుకొని బుచ్చన్నకు ఇస్తవో నువ్వు కట్టుకుంటవో నీ ఇష్టం. అప్పటిదాక నేను గజ్జెలతోనే నడుస్త. పాలు పోసేటోడు నన్ను బర్రె అనుకొని పక్కకు జరుగుతున్నడు.

తంబాకు రుమాలు డాక్టరమ్మకు ఇచ్చెయ్యి.

తాత.


హైదరాబాద్,
20 ఫిబ్రవరి 1975.

తాతా,

గాయం మూసుకపోయింది. పంపిస్తున్నరు. శివరాత్రికి ముందే నేను, అనసూర్య దిగుతం.

వస్తున్న, గజ్జెలు విప్పేటందుకే. అంతకు మించి ఏం అనుకోకు. బుచ్చన్నకు పాటలు నేర్పుత, అడివి సీను నువ్వు చెప్పినట్టే చూపెడత. నీ జాబు అనసూర్య డాక్టరమ్మకు చదివి వినిపిచ్చింది, నేను వద్దన్నా. బెల్లం కాడ ఆమె కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. నవ్విందో ఏమో నాకు తెల్వలె.

తంబాకు ఇచ్చేసిన. నోరు ఊరికే ఉండలేక పాటలు పాడుతున్న. వార్డోళ్లు తంబాకే నయముండె అంటున్నరు.

నీ బోసి నోటికి దండాలు.
సదయ్య.


హైదరాబాద్,
20 మార్చి 1975.

తాతకు దండాలు.

మల్ల పట్నం వచ్చి చెంప చూపెట్టుకున్న. ఇగ చీము రాదన్నది డాక్టరమ్మ. మిగిలింది కుదురుకున్నదట. వచ్చే యేడు మల్ల పెట్టొచ్చు, ఈసారి అన్ని అడిగి పెడత అన్నది. ఆలోచన చేసి చెప్త అన్న.

ఒక మాట అడుగుత. శివరాత్రి దినం నేను ఆడింది నాకు ఏం యాది లేదు. పెట్రోమాక్స్ లైటు కండ్లల్ల పడింది, గజ్జెల చప్పుడే ఇనబడ్డది. జనం ఏమన్నరు? నాకు మొకం మీద ఎవలు ఏమంటలేరు. నువ్వు తెర ఎనక నుంచి చూసినవు గద. ఉన్నదున్నట్టు రాయి. నీ ఎకసెక్కాలు కొన్ని తగ్గిచ్చి రాయి. నేను రేపో మాపో బండెక్కుత, జాబు అందినంకనే.

సదయ్య.


గోదావరిఖని,
24 మార్చి 1975.

మా రాణికి తాత రాసేది.

ఉన్నదున్నట్టు రాస్తున్న. ఎకసెక్కాలు తగ్గియ్య, అవి తగ్గిస్తే నేను తగ్గుత.

కొలువు సీను నేను చేసిన. బెల్లం కొత్తది, మెత్తగ లేదు, ఒక ముద్ద రాజు మీద పడ్డది. జనం మస్తు నవ్విండ్రు. తెర ఎనుకకు వచ్చి కాళ్లు చాపి, "విప్పురా" అన్న. నువ్వు విప్పినవు. గజ్జెలు చేతుల పట్టుకొని నిలబడ్డవు. బుచ్చన్న చీర కట్టుకొని పక్కన్నే ఉన్నడు.

నువ్వు గజ్జెలు బుచ్చన్న చేతికి ఇయ్యబోయినవు. వాడు నీ చెంప చూసిండు. "నాకీ చెంప ఏడ దొరుకుతదన్నా. కాలియ్యి" అన్నడు. వాడే కింద కూసోని నీకు కట్టిండు. చీర వాడే విప్పి నీకు చుట్టిండు. మీసం పోగొట్టుకున్నోడు అంత పని చేసిండంటే, వాని మీద ఇగ ఎకసెక్కం ఆడొద్దనుకున్న. రెండు దినాలు ఆడలె.

నువ్వు మెట్లెక్కినవు. ముందు మంచి చెంపనే జనం దిక్కు పెట్టినవు, టేషన్ల లెక్కనే. ఇగ గింతే అనుకున్న. పిలగాన్ని ఒళ్లె పండవెట్టి పాట ఎత్తినవు. "రాజు తిండి తినకుంట రాజుగ పెరుగు బిడ్డా" అనే కాడ మొకం తిప్పినవు. గుంత చెంప లైటు దిక్కు తిప్పినవు, తల ఎత్తినవు. నీడ పడి ఆ గుంత ఇంక లోతుగ కనబడ్డది. ముందు వరుసల నా షిఫ్టు కాలపు ముసలోళ్లు ఉన్నరు, ఒక్కడు దగ్గలె. బొగ్గు ఊపిరితిత్తులు పట్టుకొని దగ్గకుండ కూసునుడు ఎంత కష్టమో నీకు తెలుసు. పూలమ్మ కొంగు కండ్లకు పెట్టలె, తుడుసుకుంటె నువ్వు కనబడవని. అయిపోయినంక చప్పట్లు కొట్టుడు కూడ మరిసిండ్రు. గులాం అలీ హార్మోని మూసిన చప్పుడుకు అందరికి సోయొచ్చింది.

నీ మొకం మీద ఎందుకు ఏమంటలేరని అడిగినవు. ఎట్లంటరురా. రాణితోని మామూలుగ ఎట్ల మాట్లాడుతరు. గోలేటికెల్లి ఇద్దరు వచ్చి ఆ రాణి ఎవలు, మా ఊరికి వస్తదా అని అడిగిండ్రు. మా మనుమడు, బొగ్గు ఎత్తుతడు అన్న. వాండ్లు నమ్మలె. చేతులు చూపెట్టుదామంటె నువ్వు పట్నంల ఉన్నవు. నేను నిక్కి నిక్కి చెప్పిన, గూని కూడ సాపైంది.

డాక్టరమ్మ మల్ల పెడత అన్నదా. పెట్టుకుంటవో వద్దంటవో నీ ఇష్టం, అనసూర్యను అడుగు. నన్నడిగితే, కొలువు సీను నాది, అడివి సీను నీది. ఇద్దరికి నడుమ ఒక రాణి పూర్తవుతది. కొవ్వు మిగిలిందంటే ఆమెకు చెప్పు, ఈడ ఒక ముసలి రాణి ఉన్నది, బెల్లం కరిగిపోతున్నదని. కాకపోతే నా పిర్ర మీద ఏం లేదు, నీదాంట్లకెల్లే తియ్యాలె.

జాబు అందినంక బండెక్కు. రామగుండంల దిగేటప్పుడు కిటికీ కాడనే కూసో. మేళమంత టేషన్‌కు వస్తది. లైటు ఏ దిక్కు ఉంటదో చూసి, నేను నీ ఎడమ దిక్కు నిలబడుత.

తాత కొమురెల్లి.